బతికున్న మనిషికి ఏ బండి

మొదటి దెబ్బకు అద్దం పగల్లేదు. సాలెగూడు లెక్క బీటలు పారింది. రెండో దెబ్బకు లోపలికి కుంగింది. మూడో దెబ్బకు బొలబొలమని సీట్ల మీద రాలింది.

గీత కిటికీ చువ్వలు పట్టుకొని చూస్తూ నిలబడింది. బండి ముందర కట్టిన బంతిపూల దండ నిన్నటిది. వాడిపోయి ఇంకా అట్లనే వేలాడుతున్నది. దాని మీద కూడా గాజు పెంకులు పడ్డాయి.

"రమ్మనండి వాణ్ని బయటికి!"

అరిచినవాడు వంశీకృష్ణ. చైతన్యపురిలో ఉంటాడు. చేతిలో జాకీ రాడ్డు. మణికట్టుకు ఆస్పత్రివాళ్లు కట్టిన కాగితం పట్టీ. రాత్రంతా నిద్ర లేని కళ్లు. వెనక నలుగురు కాలనీవాళ్లు ఉన్నారు గాని, వాళ్ల అవసరం లేకుండానే పని కానిస్తున్నాడు.

"నిన్న మా ఇంటికి శవాల పెట్టె తెచ్చినవాడు ఎక్కడ? మా నాన్న కుర్చీలో కూర్చుని ఊపిరి అందక కొట్టుకుంటుంటే, వాడు గుమ్మంలోంచి గాజు పెట్టె మోసుకొచ్చాడు! అంబులెన్స్ రమ్మంటే శవం బండి తెస్తారా? ఆ పెట్టె చూసి మా నాన్నకి మాట పడిపోయింది. తెలుసా మీకు?"

సరూర్‌నగర్ గల్లీ అంతా గేటు దగ్గరే ఉంది. కొందరు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఆపేవాడు లేడు.

గీత వెనక మంచం కిర్రుమన్నది. ఆమె భర్త శ్రీనివాస్ లేవబోతున్నాడు. కనుబొమ్మ మీద కుట్లు, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నిన్న చైతన్యపురిలో ఇదే వంశీకృష్ణ హెల్మెట్‌తో కొట్టిన దెబ్బ.

"పండుకో," అన్నది గీత, తలుపుకు వీపు ఆనించి.

"నా కోసం వచ్చిండు. నేను పోతే అయిపాయె."

"అయిపోతది. నువ్వే అయిపోతవ్. పండుకో."

బయట మహిపాల్ గొంతు వినపడింది. శ్రీనివాస్ అన్న, ఇంటికి పెద్ద కొడుకు. నాన్న పేరు మీద నడిచే మట్టయ్య అంబులెన్స్ సర్వీసుకు యజమాని తనే అన్నట్టు తిరిగే మనిషి. ఆ గొంతు ఇప్పుడు నెయ్యిలో ముంచి తీసినట్టున్నది.

"సార్, సార్, జర నా మాట ఇనుండ్రి. తప్పు మాదే. మా తమ్ముడు నిన్న పొద్దుగాల్నే తాగి ఉండె. ఏ బండి తీస్కపోవాల్నో సోయి లేకుండె. గిట్లాంటోన్ని నేను పెట్టుకోను సార్. పనిలకెల్లి తీసేస్తున్న."

గీతకు చెవులు గుయ్యిమన్నాయి. ఈ పనిలో చుక్క ముట్టకుండా బతికే డ్రైవరు ఎవడన్నా ఉన్నాడంటే అది శ్రీనివాసే. కుళ్లిన శవాన్ని మోసిన నాడు కూడా నిమ్మకాయ వాసన చూసి అన్నం తిన్నవాడు.

మంచం మీద శ్రీనివాస్ నవ్వాడు. కుట్లు గుంజి నవ్వు మధ్యలోనే ఆగింది.

"ఇన్నవా? అన్న నన్ను తాగుబోతును జేసిండు."

"తాగి వచ్చాడా?" వంశీకృష్ణ గొంతు ఇంకో మెట్టు పైకి పోయింది. "తాగి మా ఇంటికి వచ్చాడా!"

రాడ్డు ఈసారి బండి మీదికి కాదు, గేటు మీదికి లేచింది. మట్టయ్య అడ్డం పోయాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు.

"బిడ్డా, కోపం మా మీద సూపెట్టు. ఇంట్ల ఆడోళ్లున్నరు..."

వంశీకృష్ణ కొట్టలేదు. పక్కకు నెట్టాడు అంతే. మట్టయ్య గాజు పెంకుల మీద పడ్డాడు. లేవబోయి అరచేయి ఆనించాడు. చేయి ఎత్తేసరికి మోచేతి దాకా ఎర్రగా కారింది.

ఆ నెత్తురు చూసి గల్లీ గప్‌చుప్ అయింది. వంశీకృష్ణ కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. పెద్దమనిషిని పడేశానని అప్పుడే తెలిసినట్టు రాడ్డును చూసుకున్నాడు.

అదే సమయానికి అతని ఫోన్ మోగింది.

"ఆఁ అమ్మా... ఎప్పుడు?... వెంటిలేటర్ మీద ఉన్నారుగా... వస్తున్నా. వస్తున్నానమ్మా."

రాడ్డు కింద పడేశాడు. గేటు దాకా పోయి తిరిగాడు. ఇప్పుడు అరవలేదు.

"మా నాన్నకేమైనా అయిందంటే మళ్లీ వస్తా. అద్దంతో ఆగను. ఆ పెట్టె తెచ్చినవాణ్నే అందులో పడుకోబెడతా. చెప్పండి వాడికి."

---

సుమిత్రమ్మ భర్త చేతిలోంచి పెంకులు తీస్తున్నది. తీసిన ప్రతి పెంకునూ పళ్లెంలో వేస్తున్నది. పళ్లెంలో పడ్డప్పుడల్లా టింగుమని చప్పుడు. ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.

మట్టయ్య నొప్పి అనలేదు. ఆయన ఏ నొప్పినీ నోటితో చెప్పే మనిషి కాదు.

తలుపు పక్కన గోడకు రెండు మేకులు. ఒకదానికి అంబులెన్స్ తాళం, ఇంకోదానికి అద్దం పగిలిన బండి తాళం. ఈ ఇంట్లో వాటిని ఎర్ర బండి, తెల్ల బండి అంటారు. తెల్ల బండి అంటే చచ్చినోళ్లది. ఆ మాట మాత్రం ఎవరూ అనరు. బండ్లు కొన్న మొదటి రోజే సుమిత్రమ్మ ఒట్టు పెట్టించుకున్నది. అన్నం తినే ఇంట్లో సావు మాట నోటికి రావొద్దు, రాతకు రావొద్దు. ఫ్రీజర్ పెట్టెకు 'చల్ల పెట్టె' అని పేరు పెట్టింది కూడా ఆమెనే.

మహిపాల్ చెప్పులు విప్పుకుంటూ లోపలికి వచ్చాడు.

"పోయిండు. కొంచెం తగ్గిండు. నేను మాట్లాడి సంభాళించిన."

"ఏం మాట్లాడినవ్ బావా?" అన్నది గీత. "ఆయన తాగిండనా?"

"అంటే ఏమైతది? పైన వడ్డ దెబ్బ ఎట్లనో తుడ్సుకోవాలె గదా. తప్పు తమ్ముడు ఒక్కని మీదికి పోతది. సర్వీసు పేరు నిలవడతది. రేపు పేరు వోతే అందరం పస్తులే."

"పేరు నిలవడాలంటే మనిషి పోవాల్నా?"

"నువ్ నడ్మిట్ల రాకు గీతా. ఇది అన్నదమ్ముల ముచ్చట."

"ఆయనను సంపుతనని వోయిండు గా పిలగాడు. నాకు అన్నదమ్ముల ముచ్చట ఎట్లైతది?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. శ్రీనివాస్ గోడ పట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

"నేను తాగిన్నా అన్నా?"

మహిపాల్ ముఖం తిప్పుకున్నాడు.

"నా కండ్లల్లకు సూసి చెప్పు. ఒక్కటే ఉన్నది గని, దాంట్లకే సూడు."

"నువ్ ఫోన్ చేసినవ్ గదరా పోయేముందు! ఎవలకు ఏమైందో అడిగితే నీ సొమ్ము వోతుండెనా?"

శ్రీనివాస్ తల్లి వైపు చూశాడు.

"చేసిన. ఆమె ఏడుస్తున్నది. 'ధైర్యంగ ఉండుండ్రి అమ్మా, వస్తున్న' అన్న. 'త్వరగా రా బాబూ' అన్నది. ఎవలు వోయిన్రమ్మా అని అడగలే. అట్ల అడగొద్దని అమ్మ చెప్పింది గదా. ఏడ్చేటోళ్లను అడగొద్దు, పోయి నిలవడాలె, చేతులు కట్టుకోవాలె. మొదటి దినం సంది గదే గదా మన రివాజు."

పళ్లెంలో టింగుమనే చప్పుడు ఆగింది. సుమిత్రమ్మ చేయి గాలిలోనే ఉంది.

"పోయి పెట్టె దించిన. గుమ్మంల పెట్టంగనే చూస్తే, కుర్సీల పెద్దాయన నన్నే సూస్తున్నడు. కొడుకు కొడ్తనే ఉన్నడు. నేను మొత్తుకుంటనే ఉన్న. సార్, ముందర సీట్ల కూసోవెట్టుండ్రి, నేనే దవాఖానకు తోల్కవోతా అని. బతికున్నోన్ని గా బండిల ఎవలు ఎక్కిస్తరు? వేరే అంబులెన్స్ వచ్చేదాక ఎదురుచూసిన్రు. అంతసేపు ఆయన నా పెట్టె దిక్కే సూసిండు."

గల్లీలో కూరగాయలవాడు మైకులో వంకాయ, బెండకాయ అని అరుచుకుంటూ పోయాడు.

గీత సర్వీసు ఫోన్ చేతిలోకి తీసుకుంది. బుకింగులు చూసేది ఆమెనే. స్క్రీన్ మహిపాల్ ముఖానికి ఎదురుగా పెట్టింది.

"చదువు బావా."

"ఏంది చదివేది?"

"నువ్ చేయించిన వెబ్‌సైటే. మూడు బటన్లు. చదువు."

మహిపాల్ చదవలేదు. గీతే చదివింది.

"సంజీవని. సాంత్వన. సౌజన్యం. ఒకదానికి తామరపువ్వు, ఒకదానికి దీపం, ఇంకోదానికి దండం పెట్టే చేతులు. సంజీవని నొక్కితే ఎర్ర బండి, సాంత్వన నొక్కితే తెల్ల బండి. ఇంట్ల కోడల్ని, నాకే గది నేర్సుకోనీకె వారం వట్టింది."

"మంచి మాటలు గవి. రామస్వామి సారు రాసిచ్చిండు. ఊకె రాసిండా?"

"ఆయన పెండ్లి పత్రికలు రాస్తడు బావా. పెండ్లి పత్రికలు రాసెటోనితోని సావు బండికి పేరు వెట్టిస్తే గిట్లనే ఉంటది."

సుమిత్రమ్మ ఉలిక్కిపడ్డది. "గీతా! నోరు!"

గీత అత్తను పట్టించుకోలేదు.

"నిన్న సాయంత్రం ఇందిరాదేవమ్మ నాకు ఫోన్ చేసింది. గా పెద్దాయన భార్య. తిట్టలే. ఒక్కటే అడిగింది. 'సాంత్వన అంటే ఏంటమ్మా?' అని. నేనేం చెప్పాలె? 'సంజీవని అని ఉంటే మందుల షాపు అనుకున్నానమ్మా. ఆయన గుండె పట్టుకుని గిలగిల్లాడుతున్నారు. కాస్త ఉపశమనం కావాలి కదా అని సాంత్వన నొక్కాను. నేను చదువుకున్నదాన్నేనమ్మా, అయినా నా చేతులతో నేనే పిలిచాను ఆ పెట్టెని' అన్నది. నువ్ చెప్పు బావా, ఆమెకు జవాబు నువ్ చెప్పు!"

"ఎవలో తప్పు నొక్కితే నాదా తప్పు?"

"అంబులెన్స్ అని రాస్తే తప్పు నొక్కుతుండెనా?"

"ఊకో అన్ననా లేదా!"

మహిపాల్ చేయి విసిరాడు. ఫోన్‌ను కొట్టబోయాడో, మనిషినే కొట్టబోయాడో అతనికే తెలియాలి. ఫోన్ ఎగిరి గోడకు తగిలింది. అతని వేళ్లు గీత చెంపకు తగిలాయి.

శ్రీనివాస్ అన్న మీదికి దూకాడు.

ఒంటికంటితో చూసే మనిషికి దూరం తెలియదు. తల పోయి మహిపాల్ మూతికి గుద్దుకుంది. ఇద్దరూ నీళ్ల బిందెల మీద పడ్డారు. బిందెలు దొర్లాయి, గదంతా నీళ్లు. మహిపాల్ పెదవి చిట్లింది. శ్రీనివాస్ కుట్లు తెగాయి. కింద నీళ్లలో ఎవరి నెత్తురు ఎవరిదో తెలియకుండా కలిసిపోయింది.

"తాగుబోతునా? నేను తాగుబోతునా?" శ్రీనివాస్ అన్న మెడ పట్టుకొని ఒకటే మాట అంటున్నాడు.

మహిపాల్ చేయి వెతికి వెతికి పొయ్యి దగ్గర పచ్చడి బండను అందుకుంది. నల్లరాతి బండ. ఎత్తాడు.

"మహిపాల్!" మట్టయ్య అరిచాడు. ఆయన గొంతు అంత పెద్దగా ఉంటుందని గీత ఆ రోజే విన్నది.

బండ దిగింది. శ్రీనివాస్ తల మీద కాదు. నడుమ సుమిత్రమ్మ చేయి ఉంది.

కట్టె విరిగినట్టు చప్పుడైంది.

ఆమె కేక పెట్టలేదు. నీళ్లలో కూలబడి విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుంది. మహిపాల్ బండను కింద వదిలేశాడు. తన చేతిని పరాయివాడిదేమో అన్నట్టు చూసుకున్నాడు.

"అమ్మా... అమ్మా, నేను..."

"దూరం ఉండు," అన్నది సుమిత్రమ్మ.

గీత తుండుగుడ్డ తెచ్చి అత్త చేతికి, అట్లకాడకు కలిపి కట్టింది. ముడి నిలవలేదు. మట్టయ్య వచ్చి తన కోసుకుపోయిన చేత్తోనే ముడి బిగించాడు.

"దవాఖానకు పోదాం పాండ్రి అత్తమ్మా."

"పోదాం. ముందుగాల గా పని కానియ్యి."

"ఏ పని?"

సుమిత్రమ్మ గోడ కింద పడ్డ ఫోన్ వైపు గడ్డం చూపించింది.

"ఎట్ల రాస్తే మందికి తెలుస్తదో గట్ల రాయి. నేనే వద్దన్న అప్పట్ల. సావు మాట ఇంట్లకు రావొద్దన్న. మాట రాలే. చూడు, ఇంట్లకు ఏమొచ్చిందో."

---

ఫోన్ మూలకు పగిలింది గాని పనిచేస్తున్నది. గీత తడి నేల మీదే కూర్చున్నది. వెబ్‌సైటులో మాటలు మార్చే పాస్‌వర్డ్ ఆ ఫోన్లోనే ఉంది. ధరలు మార్చడం ఆమెకు అలవాటే. పేర్లు మార్చడం ఇదే మొదలు.

తామరపువ్వు తీసేసింది. దీపం తీసేసింది. దండం పెట్టే చేతులు కూడా తీసేసింది.

"ఏమేం రాసినవో చదువు," అన్నాడు మట్టయ్య.

"బతికున్న మనిషికి, అంబులెన్స్."

"ఊఁ."

గీత అత్తను చూసింది. సుమిత్రమ్మ కళ్లు మూసుకుంది.

"చనిపోయిన మనిషికి, ఫ్రీజర్ పెట్టె, బండి."

ఇల్లు కూలలేదు. దేవుడి పటం కింద పడలేదు. గోడ మీది బల్లి కూడా కదల్లేదు. సుమిత్రమ్మ మాత్రం గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది.

"మూడోది?"

"మంచం, ఆక్సిజన్ సిలిండర్ కిరాయికి. పైన 'మా ప్రస్థానం' అని ఉండె, దాన్ని 'మేము ఎవరము' అని పెట్టిన. 'సంప్రదింపులు' తీసి 'ఫోన్ చేయండి' అని పెట్టిన."

గుమ్మంలో కూర్చున్న మహిపాల్ పెదవికి గుడ్డ అద్దుకుంటూ గొణిగాడు.

"గంత మొరటుగ రాస్తే ఎవడు నొక్కుతడు?"

"సచ్చినోళ్ల ఇంటోళ్లు నొక్కుతరు బావా. బతికున్నోళ్లు నొక్కరు. గంతే గదా మనకు కావాల్సింది."

మహిపాల్ తల్లి వైపు చూడకుండానే అన్నాడు. "ఎర్ర బండి తీస్తా. అమ్మను తీస్కపోదాం."

"నువ్ తోలితే నేను ఎక్క," అన్నది సుమిత్రమ్మ.

ఆ మాటకు మహిపాల్ ఏడ్చాడు. చిన్నపిల్లగాడి లెక్క ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. ఎవరూ ఊరుకోబెట్టలేదు.

శ్రీనివాస్ తలుపు పక్కన గోడకు జారగిలబడి ఉన్నాడు. కుట్ల మీద గుడ్డ ఒత్తిపట్టుకున్నాడు. "గా పెద్దాయన బతకాలె," అన్నాడు, ఎవరితోనో కాదు. "బతికి, ఒక్కసారి నా దిక్కు చూసి తిట్టాలె."

ఫోన్ గంట మోగింది.

బుకింగ్ గంట. మామూలు ఫోన్ కాల్ గంట కాదు. రోజూ మోగేదే గాని, అందరి తలలూ ఒక్కసారి లేచాయి.

గీత చూసింది. ఒకసారి చదివి, మళ్లీ చదివింది.

"ఏంది?" అన్నాడు మట్టయ్య.

"ఎల్బీనగర్‌ల దవాఖాన. పేరు ఇందిరాదేవి."

"ఏ బటన్?"

గీత ఫోన్ మామ ముందు పెట్టింది. మట్టయ్య చదువు తక్కువ మనిషి. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు.

"చ...ని...పో..."

అక్కడ ఆపేశాడు.

"పోవద్దు," అన్నది గీత వెంటనే. "ఎవ్వలు పోవద్దు. ఎల్బీనగర్ నుంచి ఇక్కడిదాక వంద బండ్లున్నయి. మననే ఎందుకు పిలుస్తరు? నిన్న పెట్టె జూసి కొట్టినోళ్లు ఇయ్యాల పెట్టె కోసం మననే పిలుస్తరా? రమ్మని పిలిచి సంపెతందుకు గాకపోతే?"

"తెల్వక నొక్కిందేమో మళ్ల," అన్నాడు మహిపాల్ గుమ్మంలోంచి. గొంతులో ఆశ ఉంది. "భయంల తప్పు నొక్కిందేమో."

"గిప్పుడు తప్పు నొక్కేటట్టు లేదు బావా. నేనే రాసిన."

"అడుగు," అన్నది సుమిత్రమ్మ.

"ఏమని?"

"ఇన్నేండ్లు అడగొద్దన్నది అడుగు."

గీత నంబర్ నొక్కింది. స్పీకర్ పెట్టింది. అటు రింగ్ పోతున్నంతసేపూ సుమిత్రమ్మ విరిగిన చేతి మీద మంచి చేయి పెట్టుకొని కూర్చుంది. ఎవరో ఎత్తారు. మాట లేదు. దూరంగా ఆస్పత్రి మైకులో ఎవరినో పిలుస్తున్నారు.

"అమ్మా, మట్టయ్య సర్వీసు నుంచి గీతను మాట్లాడుతున్న." గొంతు సవరించుకుంది. "తప్పుగ అనుకోకుండ్రి. ఒక్క మాట అడగాలె. మనిషి బతికున్నడా, లేడా?"

ఊపిరి మాత్రం వినపడుతున్నది. ఆడమనిషి ఊపిరి కాదు.

"డ్రైవర్‌ని పంపండి," అన్నాడు వంశీకృష్ణ.

అరవలేదు. గేటు దగ్గర చివర మాట్లాడిన ఆ గొంతే.

"సార్, మీ నాన్నగారు..."

"నిన్న వచ్చినవాడే రావాలి. వేరేవాణ్ని పంపిస్తే ఊరుకోను."

"ఆయనకు ఒంట్ల బాగలేదు సార్. కన్ను కనవడ్తలేదు. వేరే డ్రైవర్..."

"ముందు సీట్లో కూర్చోబెట్టండి, నేను తీసుకెళ్తా అన్నాడుగా మా నాన్నని? అప్పుడు మేం ఎక్కించలేదు." అటుపక్క గొంతు ఒక్క క్షణం తడబడి, మళ్లీ గట్టిపడింది. "వాడినే రమ్మనండి. వాడి చేత్తోనే ఎక్కించాలి."

ఫోన్ పెట్టేశాడు.

"అయ్య పోయిండు," అన్నాడు మట్టయ్య మెల్లగా.

"పోయిండో లేడో చెప్పలే మామా. ఆయన మాట ఎటు దిక్కు వోతున్నదో నాకు సమజైతలేదు. ఏడుస్తున్నడో, పండ్లు కొరుకుతున్నడో..." గీత గబగబా అంటూ వెనక్కి తిరిగింది. "ఇగో, నువ్ మాత్రం కదిలినవంటే..."

తలుపు పక్కన గోడకు నెత్తురు మరక ఉంది. మనిషి లేడు.

రెండు మేకులు. ఎర్ర బండి తాళం ఉంది. రెండో మేకు ఖాళీ.

బయట, అద్దం లేని బండి స్టార్టయింది.